కన్నుగీటే నగరం

మూడో అంతస్తు, వెనక గది
వానలు వెలిసిన వారం

అక్కా,

ఫోన్లో చెప్తే "సరే రా, సరే రా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యడం కుదరదు, కోపమొచ్చినా చదవాల్సిందే.

మన వెనక గోడ మీద బొమ్మ వేస్తారట. మన ఒక్క గోడే కాదు, ఈ పేటంతా. కుడ్యచిత్రోత్సవం అని పేరు పెట్టారు. పలకడానికే నోరు తిరగదు, ఇక జనానిది ఎలా అవుతుందో వాళ్ళకే తెలియాలి. దాని కరపత్రం మా ప్రెస్సుకే వచ్చింది. నా చేత్తో మూడేసి మడతలు పెట్టింది నేనే. నేను మడత పెట్టేవన్నీ చదువుతానని నీకు తెలుసుగా. పెళ్ళి కార్డు దగ్గర్నుంచి పార్టీ ప్రణాళిక దాకా ఏదీ వదలను. "గోడలు అందరివీ" అని పైన ఎర్రక్షరాలతో ఉంది. కింద రంగుల కంపెనీ ముద్ర. అందరివీ అయితే ఆ ముద్ర ఒక్కరిదే ఎందుకుంది?

అది సరే అనుకో. లోపల పేజీలో మన గోడ గురించి ఏం రాశారో చూడు: "నివాస సముదాయం వెనక ఉన్న ఖాళీ గోడ." ఖాళీ అట. ఆరు వంటింటి కిటికీలున్న గోడ ఖాళీ ఎలా అవుతుంది? కిటికీకి అవతల మనుషులు ఉంటారని, వాళ్ళు వండుకుంటారని, దగ్గుతారని కూడా తెలీని వాళ్ళు కళ గురించి మాట్లాడతారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిన్న టేపు పట్టుకుని కొలవడానికి వచ్చారు. వాళ్ళకి పెద్ద ఒకతను, జుట్టంతా వెనక్కి లాగి పైన ముడేశాడు. నేను పిలక అని పేరు పెట్టాను, ఇప్పుడు మేడంతా అదే అంటున్నారు. పిన్ని కిందకి దిగి, గోడకి ఎలాగూ రంగేస్తున్నారు కదా, మా గదిలోకి కారే నీళ్ళు కూడా ఆపుతారా బాబూ అని అడిగింది. అది వేరే విభాగం అమ్మా అన్నాడు. అని, మీ గోడ చాలా అదృష్టవంతురాలు అన్నాడు. అదృష్టం గోడకి, కారడం మనకి.

నువ్వు బొమ్మలు గీసేదానివి. ఇదంతా పెట్టుబడి వేసుకున్న మేకప్పు అని ఒక పేజీ రాసి పంపు. నీ పేరుతో అచ్చేసి పేటంతా పంచుతాను. తొందరగా రాయి.

నీ తమ్ముడు

~

బొమ్మల ఆఫీసు, భోజనం వేళ

ఒరేయ్ చిర్రుబుర్రూ,

ఉత్తరం అందింది. నీ మాటల్లో "గోడ" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి విసుగొచ్చి మానేశాను. పిన్ని గదిలో నీళ్ళు కారే సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎప్పట్నుంచి?

ఇక్కడ నేను ఒకటో తరగతి పుస్తకానికి పళ్ళ బొమ్మలు గీస్తున్నాను. నిరుడు కూడా అవే పళ్ళు. ఇన్నేళ్ళలో నేను వేసిన బొమ్మ ఏదీ అరచేతికి మించి పెరగలేదు. పెద్ద బొమ్మ వేయాలంటే ఎక్కడ వేయాలి చెప్పు? గాజు తలుపులున్న హాళ్ళు ఉన్నాయి. అక్కడికి పిన్ని ఎప్పుడైనా వెళ్ళిందా? వెళ్ళినా చెప్పులు ఎక్కడ విప్పాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోతుంది. వీధిలో ఉన్న బొమ్మని క్యారేజీ పట్టుకెళ్ళేవాడు కూడా తలెత్తి చూస్తాడు. అది అంత పెద్ద నేరమా?

ఒక పేజీ రాయమన్నావు. ఇప్పుడు కుదరదు. ఎందుకని అడక్కు.

పిన్ని ఇంకా ఆ కిటికీ కిందే పొయ్యి పెడుతోందా? రెక్కలు ఇంకా బయటికే తెరుచుకుంటాయా, మార్చారా? ఊరికే, గుర్తొచ్చి అడుగుతున్నా.

అక్క

~

మూడో అంతస్తు, వెనక గది
పరంజా కట్టిన మూడో రోజు

గౌరవనీయులైన చిత్రకారిణి గారికి,

ఊరికే గుర్తొచ్చి అడిగారు కదా. జవాబు ఇదిగో. పిన్ని ఇంకా అక్కడే పొయ్యి పెడుతోంది. రెక్కలు ఇంకా బయటికే తెరుచుకుంటాయి. తెరుచుకునేవి. మొన్న మీ మనుషులొచ్చి ఆరింటినీ మూసి, అడ్డంగా పట్టీలు కొట్టి, సందుల్లో లప్పం పూసి, పైన తెల్లరంగు వేసేశారు. బొమ్మ పూర్తయ్యేదాకా ఒక్క వారం ఓర్చుకోండి అన్నారు.

మీ మనుషులు అని ఎందుకంటున్నానంటే, గేటు దగ్గర మీ బొమ్మ అంటించారు. ఇలా ఉండబోతోంది అని నమూనా. గీసినవాళ్ళ పేరు మాత్రం వేయలేదు, ఆవిష్కరణ రోజున చెప్తారట. పేరెందుకు నాకు? పెద్ద ముఖం, నుదుటి మీద చెమట, పైభాగం మడత పడిన చెవి, ఎడమ కన్ను సగం మూసి ఉంది. నేను రోజూ పొద్దున లేచి చూసే ముఖం అది. నన్నూ నిన్నూ పెంచిన ముఖం. అది గీయగలిగిన వాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు, వాళ్ళేమో పళ్ళు గీస్తున్నామని నాకు ఉత్తరం రాశారు.

బొమ్మకి పిలక పెట్టిన పేరు తెలుసా నీకు? "కన్నుగీటే నగరం." పేపర్లో కూడా పడింది, ఒక అమ్మ ఊరు మొత్తానికి కన్నుకొడుతూ ఆహ్వానిస్తోందట. పిన్ని ఎవరికి కన్ను కొట్టిందక్కా? ఆ కన్ను సగం మూతపడింది పొట్టు పొయ్యి పొగకి. వర్క్‌షాపు వాళ్ళకి క్యారేజీలు వండీ వండీ అలా అయిపోయింది. నీకు తెలుసు. తెలిసే గీశావు. గీసి, ఆ పొగ పోయే దారి మూయించావు.

ఇప్పుడు పొగంతా గదిలో తిరిగి వరండాలోకి పోతోంది. పక్క గదుల వాళ్ళు తలుపులు దడేల్మని వేస్తున్నారు. రాత్రంతా పిన్ని దగ్గుతూనే ఉంది. ఆవిడకి ఇంకా ఆ బొమ్మ ఎవరిదో తెలీదు. అద్దంలో ఆవిడ తన ముఖం చూసుకునే తీరిక ఉంటే కదా.

నీ ఒక్క పేజీ ఇంక అక్కర్లేదు. నేనే రాసుకుంటాను.

ఇట్లు
ఖాళీ గోడ వెనక ఉండేవాడు

~

బొమ్మల ఆఫీసు

ఒరేయ్,

గారు గీరు అన్నావంటే వచ్చి చెవి మెలేస్తాను.

అవును, నేనే. గోడ ఎక్కడం నాకు రాదు, బొమ్మ గీసి పంపితే గళ్ళు గీసుకుని వాళ్ళ పెయింటర్లు పెద్దది చేస్తారు. మన గోడ అని తెలిసినప్పుడు ఆ రోజంతా నేను ఆఫీసులో కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇంతమందికి తిండి పెట్టిన మనిషి ముఖం మూడంతస్తుల ఎత్తున ఉండాలనిపించింది. పిన్నికి చెప్పకుండా ఒక్కసారిగా చూపిద్దామనుకున్నాను. ఇందులో నీకు పెట్టుబడి ఎక్కడ కనపడిందో నాకు తెలీదు.

కిటికీలు మూయమని నేను అనలేదు. నేను అడిగింది గోడ చదునుగా ఉండాలని, మధ్యలో ఏదీ అడ్డు రాకూడదని. నా ఉద్దేశం పగుళ్ళూ, పాత పైపులూ. వాళ్ళు ఆ "అడ్డు" అన్న మాట తీసుకెళ్ళి కిటికీల మీద పెట్టారు. ఇది నిజం. ఇంకో నిజం కూడా చెప్తాను, నువ్వు ఎలాగూ తవ్వి తీస్తావు. ఆ మాట రాసేటప్పుడు కిటికీలు నాకు గుర్తొచ్చాయి. వాటినేం చేస్తారని అడగాలనిపించింది. అడిగితే వేరే గోడ ఇస్తామంటారేమోనని అడగలేదు. నిన్న పిలకతో మాట్లాడాను. వారమే మేడమ్ అంటాడు, ఆ తర్వాత అంటే నవ్వుతాడు.

ఇప్పుడు నువ్వు విను. గోడ గోడ అని గుండెలు బాదుకుంటున్నావు. నాలుగేళ్ళుగా అదే గోడ మీద నీ పోస్టర్లు అంటిస్తున్నావు కదా, ఒక్కసారైనా పిన్నిని అడిగావా? సమ్మె పోస్టరు ఆవిడ కిటికీ రెక్క మీద అంటిస్తే, ఆవిడ బ్లేడుతో గీకి తీసుకుని తెరుచుకుంది. నువ్వే చెప్పావు నాకు, నవ్వుతూ. నాకు ముఖం కావాలి, నీకు నినాదం కావాలి. కిటికీ కావాల్సింది ఆవిడొక్కదానికే. ముందు వెళ్ళి ఆవిడనడుగు. తర్వాత నన్ను తిట్టు.

అక్క

~

మూడో అంతస్తు, వెనక గది
ఆవిష్కరణ జరిగిన సాయంత్రం

అక్కా,

అడిగాను.

నీ ఉత్తరం చదివి చించిపారేద్దామనుకుని, చింపలేక, ఆవిడ దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించాను. బొమ్మ తనదేనని అప్పుడు తెలిసింది ఆవిడకి. కిందకి దిగి గోడకేసి చాలాసేపు చూసింది. అప్పటికి రంగులు పడిపోయాయి. నిజం చెప్పాలంటే బాగుంది. సాయంత్రం ఎండ పడితే ఆ చెంప మీద చెమట నిజంగా మెరుస్తోంది. బాగుండటం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పిన్ని పైకొచ్చి, ముక్కు కొంచెం పెద్దదైంది అంది. ఆ తర్వాత అంది:

"నా ముఖం వాళ్ళకెందుకో నాకు తెలీదురా. ఉంచుకోమను. నా కిటికీ నాకిచ్చెయ్యమను. అంతే."

వారం దాటి చాలా రోజులైంది. మన మేడ అద్దెలు వసూలు చేసే సూపర్వైజరు దగ్గరికి నేనే వెళ్ళాను. తెరిస్తే బొమ్మ పాడవుతుంది, ఉత్సవం అయ్యాక చూద్దాం అన్నాడు. ఉత్సవం అయ్యాక బొమ్మ ఉండదా అన్నాను. నువ్వు ఎక్కువ మాట్లాడుతున్నావు, ఎవరైనా తెరిస్తే గది ఖాళీ చేయాల్సొస్తుంది అన్నాడు. ఈలోగా క్యారేజీలు ఆలస్యమై వర్క్‌షాపు వాళ్ళు సగంమంది మానేశారు. పొగలో వండలేక పిన్ని ఒక వాయి వండి, బయటికొచ్చి దగ్గి, మళ్ళీ ఒక వాయి వండుతోంది.

అందుకని నేను ఇవాళ్టికి కరపత్రం తయారుచేశాను. పేరు "ఎవరి గోడ? ఎవరి గోల?" ప్రెస్సులో మిగిలిన కాగితం మీద కొట్టాను. సంచిలో పెట్టుకుని సందులో కుర్చీల వెనక నిలబడ్డాను. ముఖ్య అతిథి నోరు తెరవగానే గాల్లోకి విసరాలని.

ముందు పిలక మైకు పట్టుకున్నాడు. ఇక నుంచి ఈ గోడలు మాట్లాడతాయి అన్నాడు. అప్పుడు పైనుంచి ధబ్ అని చప్పుడైంది. అందరూ తలెత్తారు. దగ్గు వినిపించింది. మళ్ళీ ధబ్. ముక్కు పక్కనున్న లప్పం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మూడో దెబ్బకి పట్టీ ఊడి కింద పడింది, పిన్ని కిటికీ రెక్కలు రెండూ బయటికి తెరుచుకున్నాయి, ఆ ముక్కులోంచి పొగ బుస్సుమని వచ్చింది. అన్ని రోజులూ గదిలో ఉన్న పొగంతా ఒక్కసారి వచ్చినట్టే ఉంది.

నేను ప్రమాణం చేసి చెప్తున్నా, ఇది నేను చెప్పి చేయించింది కాదు. అది క్యారేజీల వేళ. ఆవిడకి కింద సభ జరుగుతున్న సంగతి కూడా పట్టలేదు. ఊపిరాడక పొత్రం తీసుకుని లోపల్నుంచి కొట్టింది, అంతే.

ఆ తర్వాత రెండో అంతస్తులో కుట్టుమిషన్ అత్త తనది కొట్టింది. గడ్డం కింద కన్నం పడింది. ఒకరిని చూసి ఒకరు, ఆరూ తెరిచేశారు. సగం మూసిన కన్ను పక్కన ఒకటి, చెంపల మీద చెరొకటి, నుదుట్లో ఒకటి. నువ్వు గీసిన మనిషి అప్పటిదాకా కన్నుకొడుతోంది. ఇప్పుడు చూస్తే ఎవరినో కొట్టడానికి వస్తున్నట్టుంది. కింద ఎవడో కిసుక్కున నవ్వాడు. ముఖ్య అతిథి పిలకని అడిగాడు, ఇది కూడా ప్రదర్శనలో భాగమా అని. మైకు పిలక చేతిలోనే ఉంది. వాడు పైకి చూశాడు, అతిథిని చూశాడు, "అవునండి" అన్నాడు. అతిథి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు.

నేను కరపత్రాలు విసరలేదు. సంచిలో ఉన్నాయనే మర్చిపోయాను.

అతిథి కారెక్కగానే సూపర్వైజరు మెట్లెక్కి వచ్చాడు. వచ్చే వారం లోపల్నుంచి సిమెంటు రేకులు కొట్టించేస్తాడట. మొదట కొట్టింది పిన్ని కాబట్టి, ఈ నెలాఖరుకి గది వదలాలట. పిన్ని క్యారేజీల మూతలు సర్దుతూనే ఉంది. వాడి చొక్కా పట్టుకున్నాను నేను. కుట్టుమిషన్ అత్త విడిపించింది.

ఇప్పుడు చెప్పు. పిన్ని ముఖం గోడకెక్కించావు, పిన్నిని వీధిలోకి దింపుతున్నారు. నువ్వు ఎటువైపు?

తమ్ముడు

~

బొమ్మల ఆఫీసు
ఉత్తరం అందిన పూటే

ఒరేయ్,

రేకులు కొట్టరు. గది కూడా ఎవరూ ఖాళీ చేయక్కర్లేదు. పిన్నికి ముందు ఈ మాట చెప్పి, మిగతాది తర్వాత చదువు.

పిలకతో మాట్లాడాను. గొంతు పెంచలేదు, నీలాగా. బొమ్మ ఆవిష్కరణ రోజే పూర్తయిందండీ అన్నాను. కిటికీలు తెరుచుకోవడమే చివరి గీత అన్నాను. మీకు ముందే చెప్తే ఆ సహజత్వం ఉండదని దాచాను, మీరు కూడా అందరి ముందూ మైకులో ఒప్పుకున్నారు కదా అన్నాను. అద్భుతం మేడమ్, నేను అప్పుడే అనుకున్నాను అన్నాడు. అందులో ఒక్క రెక్క మూసినా నా బొమ్మ చెడగొట్టారని ప్రతి పేపరుకీ చెప్తానన్నాను. బొమ్మలో ఉన్న మనిషిని గదిలోంచి పంపేస్తే ఆ పొగ ఎవరు పెడతారు, మీరా అని అడిగాను. సూపర్వైజరుతో తనే మాట్లాడతానన్నాడు.

పిన్ని ఊపిరాడక చేసిన పని మీద నేను సంతకం పెట్టాను. అది నా ఆలోచన అని చెప్పుకున్నాను. వేరే దారి దొరకలేదు. నువ్వు తిడతావని తెలుసు. తిట్టు, కానీ కిటికీ తెరిచి ఉంచి తిట్టు.

ముక్కు పెద్దదైందన్న మాట నిజమే.

అక్క

~

మూడో అంతస్తు, వెనక గది
మబ్బు పట్టిన ఉదయం

అక్కా,

నువ్వన్నట్టే జరిగింది. సూపర్వైజరు వచ్చి పిన్నికి నమస్కారం పెట్టాడు, నమ్ముతావా. కింద గోడకి ఇత్తడి పలక బిగించారు. "ఈ కిటికీలు చిత్రంలో భాగము. వీటిని మూయరాదు." నీ పేరు కూడా ఉంది, పొడి అక్షరాల్లో. పిన్ని పేరు లేదు.

గాలి వస్తోంది. పిన్ని దగ్గు తగ్గింది. వర్క్‌షాపు వాళ్ళు మళ్ళీ క్యారేజీలు మొదలుపెట్టారు. నేను సంతోషించాలి. పలక దగ్గరికెళ్ళి చదివిన ప్రతిసారీ ఏదో ఒకటి తన్నాలనిపిస్తోంది. పొగ వస్తోంది, ఊపిరాడట్లేదు అని ఆవిడ చెప్తే ఎవడికీ చెవికెక్కలేదు. కుట్టుమిషన్ అత్త చెప్పింది, నేను చెప్పాను, చొక్కా పట్టుకుని మరీ చెప్పాను. నువ్వు "చివరి గీత" అన్నావు, చేతులు కట్టుకున్నారు. నిన్ను తిట్టట్లేదు. నువ్వు అబద్ధమాడకపోతే మేం ఇవాళ వీధిలో ఉండేవాళ్ళం. ఆ అబద్ధం అవసరమైనందుకే నాకు మంట.

ఇంకా విను. పిలక రోజూ జనాన్ని వెంటేసుకొస్తున్నాడు, గోడల నడక అని. సరిగ్గా వంట వేళకి తెస్తాడు. మొన్నొక రోజు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చి, అమ్మా, ఇవాళ పొగ కొంచెం పలచగా ఉంది, ఫోటోల్లో పడట్లేదు, కాస్త ఎక్కువ రానిస్తారా అని అడిగాడు. పిన్ని వాడి చేతికి విసనకర్ర ఇచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. ఆ తర్వాత రాలేదు. నడక వాళ్ళని కింద్నుంచే తిప్పి పంపేస్తున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. పక్క సందులో మేడ మీద నీలం పక్షి వేశారు, చూసుంటావు ఫోటోల్లో. రెక్క చాచి ఎగురుతుంటుంది. ఆ రెక్క కింద కూడా కిటికీలున్నాయి. మనకి చేసినట్టే మూశారు, ఇంకా తెరవలేదు. నిన్న అక్కణ్ణుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ చంకలో పసిపిల్ల, ఒళ్ళంతా చెమటకాయలు. మీ అక్కయ్యగారికి ఆ పక్షి వేసినాయన తెలుసా, కిటికీలు కూడా బొమ్మలో భాగమే అని ఆయన చేత ఒక్క మాట అనిపిస్తారా అని అడిగారు. చేతులు జోడించి అడిగారక్కా. నా చేతులు నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. రాస్తానని చెప్పాను. ఈ ఉత్తరం అందుకే మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా రాసేసరికి నాకు సిగ్గేసింది. ఊపిరి పీల్చుకోవడానికి ఎవడో పక్షిగాడి మాట కోసం నేను ఎదురుచూడటమేంటి? నువ్వు ఆయనకి రాయొద్దు. ఆయన రేపు ఏమన్నా అననీ, ముందు కిటికీలు తెరుచుకోనీ. ప్రెస్సు నుంచి మేకులు పీకే పట్టకారు తెచ్చాను. కుట్టుమిషన్ అత్త తన సుత్తి తెస్తానంది. రాసేటప్పుడు మధ్యమధ్య ఆపి పిన్నికి చదివి వినిపిస్తున్నాను. ఇప్పుడావిడ క్యారేజీలు పంపేసి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకా ఎంతసేపు రాస్తావురా, ఆ పిల్ల అక్కడ ఉడికిపోతోంది, లే అంటోంది.

వెళ్తున్నాం.

తమ్ముడు